చిత్రం ముందు, పేరు తరువాత

కళాచరిత్ర నేర్పే మొబైల్ యాప్ తయారుచేయాలని కూర్చున్నవాళ్లు అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది. చిత్రం పేరు, వేసినవారి పేరు, సంవత్సరం విద్యార్థులకు ఎప్పుడు కనిపించాలి? మెనూలు ఎక్కడ ఉండాలి, ఎన్ని వందల చిత్రాలు చేర్చాలి, ఏ రంగులు వాడాలి అన్నవన్నీ దీని తరువాతే. నా మటుకు నాకు జవాబు ఒక్కటే: విద్యార్థులు చిత్రాన్ని కళ్లారా చూసి, ఏం చూశారో తమ మాటల్లో చెప్పాకే ఆ వివరాలు బయటపడాలి. చూడటానికి ఇది చిన్న విషయమే. కానీ ఆ యాప్ కళాచరిత్ర నేర్పుతుందా, పేర్ల పట్టిక అప్పజెప్పిస్తుందా అన్నది ఇక్కడే తేలిపోతుంది.

చదువుకు సంబంధించిన యాప్‌ల రూపకల్పన నా వృత్తి. కళాచరిత్ర అంటే కాలేజీ రోజుల నుంచి ప్రాణం. అందుకే ఈ రెండూ కలిసిన చోట ఏది కొత్తగా వచ్చినా ఆశగా తెరుస్తాను. చాలావాటిలో ఒకటే వరస కనిపిస్తుంది. తెర పైభాగంలో అరచేతిలో సగమైనా లేని చిత్రం, దాని కింద పెద్ద అక్షరాల్లో పేరు, సంవత్సరం, మ్యూజియం, ఆ తరువాత రెండు పేరాల వివరణ, చివర నాలుగు ఎంపికల ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు పైనున్న పేరాలోనే ఉంటుంది. చిత్రం వైపు ఒక్కసారి కూడా చూడకుండా పదికి పది మార్కులు తెచ్చుకోవచ్చు. చూడటమే ప్రాణమైన విద్యను చూడకుండా పూర్తిచేయగలిగేలా కట్టడం నాకు మింగుడుపడదు.

యాన్ వాన్ ఐక్ 1434లో వేసిన ఆర్నోల్ఫినీ దంపతుల చిత్రాన్నే తీసుకుందాం. ఇప్పుడు లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. ఎత్తు 82 సెంటీమీటర్లు, వెడల్పు 60. పేరు, సంవత్సరం, ఓక్ చెక్కపై తైలవర్ణం అన్న వివరాలు ముందే రాసిపెడితే కన్ను ఆ అక్షరాల మీద వాలుతుంది, ఒకసారి పైకి వెళ్లి మగమనిషి, ఆడమనిషి, కుక్కపిల్ల ఉన్నారని సరిచూసుకుని దిగివస్తుంది. అంతటితో సరి. అలా కాకుండా ఒక్క అక్షరమూ లేని తెర మీద చిత్రాన్ని నిండుగా పెట్టి, "ఈ చిత్రంలో ఎంతమంది మనుషులున్నారు?" అని మాత్రం అడగండి. మొదట అందరూ ఇద్దరే అంటారు. కాదని తెలిశాక వెతుకులాట మొదలవుతుంది. వెనక గోడకున్న గుండ్రటి అద్దం దగ్గరికి వస్తారు, రెండు వేళ్లతో దాన్ని పెద్దది చేస్తారు. అద్దంలో ఆ దంపతుల వీపులు, వాళ్ల ఎదురుగా గుమ్మంలో నిలబడిన మరో ఇద్దరు. అద్దం చట్రం చుట్టూ చిన్న చిన్న వలయాల్లో క్రీస్తు శ్రమల ఘట్టాలు. ఆ పైన గోడ మీద లాటిన్‌లో ఒక రాత: యాన్ వాన్ ఐక్ ఇక్కడ ఉన్నాడు, 1434. చిత్రకారుడి పేరూ సంవత్సరమూ చిత్రంలోనే ఉన్నాయి! వాటిని విద్యార్థులు తామే కనిపెట్టారు. ఇక వాటిని బట్టీ పట్టవలసిన అవసరం ఏముంది?

అక్కడితో ఆగనవసరం లేదు. కిటికీ అవతల చెట్టుకు పండ్లు కనిపిస్తున్నాయి, లోపలివాళ్లేమో బొచ్చు అంచుల బరువైన బట్టల్లో ఉన్నారు. పట్టపగలు, పైన వేలాడే దీపపు గుత్తిలో ఒకే ఒక్క కొవ్వొత్తి వెలుగుతోంది. ఎందుకు? ఈ ప్రశ్నల దాకా వచ్చిన విద్యార్థులకు కళాచరిత్రకారుడు ఎర్విన్ పనోఫ్‌స్కీ 1934లో ఈ చిత్రాన్ని పెళ్లికి సాక్ష్యపత్రంగా చదివాడని, తరువాతి పండితులు ఎందరో దానితో విభేదించారని చెబితే ఆ వాదం వాళ్లకు తలకెక్కుతుంది. ఏ వస్తువుల మీద వాదం జరుగుతోందో వాళ్లు అప్పటికే చూసి ఉన్నారు కాబట్టి. ముందే చెబితే అది పరీక్షలో రాయవలసిన మరో వాక్యంగా మిగిలిపోతుంది.

చూపు ఎంతసేపు నిలుస్తుందన్నది ఇక్కడ అసలు చిక్కు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో సందర్శకులు ఒక్కో కళాఖండం ముందు ఎంతసేపు నిలబడుతున్నారో గమనించి 2001లో ఒక అధ్యయనం ప్రచురించారు. సగటు 27.2 సెకన్లు. మధ్యగతం 17 సెకన్లే. అందులో లేబుల్ చదవడమూ కలిసే ఉంది. అసలు చిత్రం ఎదురుగా ఉన్నప్పుడే ఇంత అయితే ఫోను మీద ఎంత ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

దీనికి పూర్తిగా ఎదురుకొసన హార్వర్డ్‌లో కళాచరిత్ర బోధించే జెన్నిఫర్ రాబర్ట్స్ పద్ధతి ఉంది. తన విద్యార్థులను ఒకే చిత్రం ముందు మూడు గంటలు కూర్చోమంటారు. తాను చేసిన సాధనను కూడా ఆమె 2013లో వివరంగా రాశారు. ఎంచుకున్నది జాన్ సింగిల్టన్ కాప్లీ 1765లో వేసిన, ఎగిరే ఉడుతతో ఉన్న కుర్రవాడి చిత్రం. ఆ కుర్రవాడి చెవి ఒంపు, ఉడుత పొట్ట మీది బొచ్చు అంచు ఒకే ఆకారంలో ఉన్నాయని గమనించడానికి ఆమెకు తొమ్మిది నిమిషాలు పట్టింది. గొలుసు పట్టుకున్న వేళ్ల మధ్య దూరం, కింద ఉన్న నీళ్ల గ్లాసు వ్యాసం సమానమని తెలియడానికి 21 నిమిషాలు. ఆ రంగంలో ఆరితేరిన మనిషికే అంత సమయం పట్టింది. కన్ను చూడగానే అంతా పట్టేస్తుందని మనం అనుకుంటాం, పట్టదు.

ఫోనులో మూడు గంటలు ఎవరూ చూడరు, చూడమని అడగడమూ న్యాయం కాదు. ఐదు నిమిషాలు అడగవచ్చు. ఆ ఐదు నిమిషాలను నిలబెట్టడమే రూపకల్పన చేసేవారి పని. నేను ఒక పాఠం తెరలను గీస్తే మొదటిదానిలో చిత్రం తప్ప ఏదీ ఉండదు. పైన గడియారం, బ్యాటరీ గుర్తు కూడా దాచేస్తాను. కొంతసేపటికి అడుగున ఒక ప్రశ్న వస్తుంది, దానికి జవాబు చిత్రంలోనే దొరకాలి. వెలుగు ఏ వైపు నుంచి పడుతోంది? ఎవరు ఎవరిని చూస్తున్నారు? ఏ చెయ్యి ఏం చేస్తోంది? ఇందులో మీకు అర్థంకానిది ఏది? చివరి ప్రశ్న నాకు చాలా ఇష్టం. అర్థంకానిదాని మీద వేలు పెట్టి చూపించగలగడం కళాచరిత్రలో సగం చదువు. "ఈ చిత్రం మీకు ఎలాంటి అనుభూతి కలిగించింది?" లాంటి ప్రశ్నలు మాత్రం మొదట్లో అడగను. చూడనివాళ్లు కూడా వాటికి జవాబివ్వగలరు.

జవాబు టైపు చేయమనడం కన్నా మాట్లాడమనడం మేలు. చిన్న కీబోర్డు మీద ఎవరైనా నాలుగు మాటలతో సరిపెడతారు, నోటితో అయితే వద్దన్నా నాలుగు వాక్యాలు వస్తాయి. చెబుతున్నంతసేపూ కళ్లు అక్షరాల మీదికి పోకుండా చిత్రం మీదే ఉంటాయి. ఆ మాటలను యాప్ భద్రపరచాలి. కొన్ని వారాల తరువాత అదే చిత్రం మళ్లీ వచ్చినప్పుడు తమ పాత వర్ణన తామే విని, అప్పుడు దాటిపోయినది ఏమిటో పట్టుకోవచ్చు. తమ చూపు పదునెక్కిందని విద్యార్థులకు తెలియజెప్పడానికి ఇంతకన్నా నమ్మకమైన కొలత నాకు తోచలేదు.

ఫోను చూపును చెడగొడుతుందన్న మాటలో నిజం లేకపోలేదు. మనస్తత్వ శాస్త్రవేత్త లిండా హెంకెల్ 2014లో ప్రచురించిన ప్రయోగంలో, మ్యూజియంలో వస్తువులను ఊరికే చూసినవాళ్లకన్నా ఫోటో తీసుకున్నవాళ్లకు అవి తక్కువగా గుర్తున్నాయి. కెమెరా చూసుకుంటుందిలే అని మనసు ఆ పనిని దానికి వదిలేస్తుంది. అదే ప్రయోగంలో ఇంకో సంగతి కూడా తేలింది, నా వాదనకు అది ఆయువుపట్టు. వస్తువులోని ఒక భాగాన్ని జూమ్ చేసి ఫోటో తీసినవాళ్లకు జ్ఞాపకం తగ్గలేదు. జూమ్ చేయని భాగాలు కూడా వాళ్లకు గుర్తున్నాయి. ఎక్కడ దగ్గరగా చూడాలో నిర్ణయించుకోవాలంటే మొత్తం చూడక తప్పదు కదా. కాబట్టి దోషం పరికరానిది కాదు, దానితో ఏం చేయిస్తున్నామన్నదే. జూమ్‌ను యాప్‌లో ఒక మూలన ఉండే సదుపాయంగా వదిలేయకూడదు, అదే పాఠానికి వెన్నెముక కావాలి.

సాంకేతికంగా ఇది ఇప్పుడు అసాధ్యమేమీ కాదు. ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియం రెంబ్రాంట్ గీసిన నైట్ వాచ్‌ను 2022లో 717 గిగాపిక్సెళ్ల చిత్రంగా విడుదల చేసింది. మన లెక్కలో 71,700 కోట్ల పిక్సెళ్లు. రెండు పిక్సెళ్ల మధ్య దూరం మిల్లీమీటరులో 200వ వంతు. ఫోను తెర మీద పట్టేవి ఇరవై, ముప్పై లక్షల పిక్సెళ్లు. ఆ మహాచిత్రాన్ని చిన్న చిన్న చతురస్రాలుగా కోసి, ఒక్కో జూమ్ స్థాయికి ఒక్కో పొర సిద్ధంచేసి, విద్యార్థి వేలు ఉన్నచోటికి కావలసిన ముక్కలు మాత్రమే పంపడం వల్ల ఇది సాధ్యమవుతోంది. చాలా మ్యూజియంలు, గ్రంథాలయాలు ఇందుకు ట్రిపుల్ ఐ ఎఫ్ అనే ఉమ్మడి ప్రమాణాన్ని పాటిస్తున్నాయి. నెట్ సరిగా అందని విద్యార్థుల కోసం పాఠానికి అవసరమైన ముక్కలను ముందే దించి ఉంచాలి. కన్ను కొవ్వొత్తి దగ్గరికి వెళ్లిన క్షణంలో తెర మసకబారితే అక్కడితో చూపు తెగిపోతుంది, మళ్లీ అతకదు.

ఫోను నిజంగా అబద్ధం చెప్పే విషయం ఒకటుంది. అది పరిమాణం. లూవ్ర్‌లో మోనాలిసా ఉన్న గదిలోనే ఎదురుగోడ మీద వెరొనేసే వేసిన కానా పెళ్లివిందు చిత్రం ఉంది. మొదటిది 77 సెంటీమీటర్ల ఎత్తు, 53 వెడల్పు. రెండోది దాదాపు 6.8 మీటర్ల ఎత్తు, దాదాపు 10 మీటర్ల వెడల్పు. విస్తీర్ణంలో 160 రెట్లకు పైగా పెద్దది. ఫోనులో రెండూ బొటనవేలంత బొమ్మలే. పైగా నిలువుగా ఉన్నందుకు మోనాలిసాయే పెద్దదిగా కనిపిస్తుంది. ఫోను మీద మాత్రమే కళాచరిత్ర చదివినవాళ్లకు ప్రపంచంలోని కళాఖండాలన్నీ ఒకే సైజులో గుర్తుండిపోతాయి. ఇది చిన్న లోపం కాదు. ఒక మఠం భోజనశాల గోడ నిండా ఉండాలని వేసిన చిత్రాన్నీ ఒక ఇంటి గదిలో పెట్టుకునే చిత్రాన్నీ ఒకలా చదవడం కుదరదు. కొలతలు అంకెల్లో రాస్తే చాలదు, వాటిని ఎవరూ ఊహలోకి తెచ్చుకోరు. ప్రతి చిత్రం పక్కన అదే నిష్పత్తిలో నిలబడిన మనిషి నీడబొమ్మ ఉండాలి, తడితే అది కనిపించాలి.

చిన్న వస్తువుల విషయంలో మాత్రం ఫోను చేయగలిగింది ఏ పుస్తకమూ, ప్రొజెక్టరూ చేయలేదు. మొహెంజొదారోలో దొరికిన నర్తకి కంచు బొమ్మ ఎత్తు 10.5 సెంటీమీటర్లు. 1908లో ఆస్ట్రియాలో దొరికిన విలెన్‌డార్ఫ్ వీనస్ 11.1 సెంటీమీటర్లు. మామూలు ఫోను తెర పొడవు ఇంతకన్నా ఎక్కువే. అంటే రెండిటినీ అసలు పరిమాణంలో అరచేతిలో చూపించవచ్చు. తరగతి గదిలో గోడ మీద వాటిని మనిషంత ఎత్తున చూసి, అవి పెద్ద విగ్రహాలనుకున్న విద్యార్థులు ఎందరో ఉన్నారు. ఒక్కో ఫోను తెర కొలత ఒక్కోలా ఉంటుంది కాబట్టి ముందుగా బ్యాంకు కార్డును తెరకు ఆనించి గీత సరిచేయమని అడగాలి. ఆ కార్డు పొడవు ఏ దేశంలోనైనా 8.56 సెంటీమీటర్లే. ఇంత సులువైన పని ఉండగా "అసలు పరిమాణం" అనే బొత్తాం దాదాపు ఎక్కడా ఎందుకు లేదో నాకు అర్థం కాదు.

ఫోనుకు చక్కగా అమరే మరో రూపం చైనా చుట్టచిత్రం. ఝాంగ్ జెదువాన్ 12వ శతాబ్దంలో వేసినదిగా చెప్పే, చింగ్‌మింగ్ పండుగనాటి నదీతీర చిత్రం ఎత్తు 25 సెంటీమీటర్ల లోపు, పొడవు 5 మీటర్ల పైచిలుకు. దాన్ని గోడకు తగిలించి ఒక్కసారిగా చూడటానికి వేయలేదు. కుడి నుంచి ఎడమకు కొంచెం కొంచెం విప్పుతూ, చూసినది చుట్టేస్తూ సాగాలి. పుస్తకంలో అది పేజీకి అడ్డంగా సన్నని పట్టీ అయిపోతుంది, మనుషులు చీమల్లా కూడా కనిపించరు. ఫోనులో వేలితో జరుపుతూ పోతే పల్లె దాటి నది, నది మీద వంతెన, వంతెన కింద తెరచాప కొయ్య దించలేక అవస్థపడుతున్న పడవ, అరుస్తున్న జనం వరసగా ఎదురవుతారు. ఆ చిత్రం కోరుకున్న చదివే తీరు అదే. యాప్ ఇలాంటి చోట్ల తన బలం చూపించాలి. దానికి బదులు చుట్టచిత్రాన్ని కూడా మిగతావాటిలాగే చతురస్రపు గడిలో కుక్కి పెడుతున్నారు.

శిల్పం దగ్గర ఒక్క ఫోటో ఎంత తక్కువో అమరావతి స్తూపం ఫలకం ఒకటి చెబుతుంది. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఆ రాతి పలకకు రెండు ముఖాలున్నాయి. క్రీ.పూ. 1వ శతాబ్దంలో చెక్కిన వైపున బోధివృక్షం, ఖాళీ ఆసనం, నమస్కరిస్తున్న భక్తులు. బుద్ధుడు మనిషి రూపంలో లేడు. క్రీ.శ. 3వ శతాబ్దంలో అదే పలకను తిప్పి రెండోవైపు స్తూపాన్నే చెక్కారు, అందులో బుద్ధుడు నిలబడి కనిపిస్తాడు. ఒక్క రాయిని అటూ ఇటూ తిప్పితే బౌద్ధ శిల్పంలో వచ్చిన ఒక పెద్ద మార్పు కళ్లముందు నిలుస్తుంది. రెండు వైపులూ చూపి, "ఒకవైపు ఉండి మరోవైపు లేనిది ఏది?" అని అడిగే పాఠం నాకు కావాలి. ఆ స్తూపం ఫలకాలు ఇప్పుడు లండన్, చెన్నై, అమరావతి మ్యూజియంల మధ్య చెదిరి ఉన్నాయి. స్తూపం మీద ఏ ఫలకం ఎక్కడ ఉండేదో చూపే ఒక గీతచిత్రం, ఇప్పుడు ఏది ఎక్కడుందో చూపే పటం పక్కపక్కన ఉంటే విడివిడి రాళ్లు ఒక కట్టడంగా అర్థమవుతాయి. అది ఎలా విడిపోయిందో కూడా చెప్పాలి. కళాచరిత్రలో అదీ భాగమే.

ఇక పోలిక. కళాచరిత్ర తరగతుల్లో రెండు ప్రొజెక్టర్లు పెట్టి రెండు చిత్రాలను పక్కపక్కన చూపే అలవాటుకు ప్రాచుర్యం తెచ్చినవారిలో స్విస్ కళాచరిత్రకారుడు హైన్‌రిష్ వోల్ఫ్‌లిన్ ముఖ్యుడు. ఒక్క చిత్రాన్ని చూసినప్పుడు అదంతా సహజంగా, అలాగే ఉండాలన్నట్టుగా అనిపిస్తుంది. పక్కన రెండోది వచ్చాకే మొదటిదానిలో చిత్రకారుడు తీసుకున్న నిర్ణయాలు బయటపడతాయి. కరవాజ్జో సుమారు 1599లో వేసిన చిత్రం బైబిల్ సంప్రదాయంలోని కథ; అందులో శత్రు సేనాని హోలోఫెర్నెస్ తల నరుకుతున్న జూడిత్ చేతులు చాచి, ఒళ్లు వెనక్కి వాల్చి, నొసలు చిట్లించి దూరంగా ఉండాలని చూస్తుంది. ముసలి దాసి పక్కన గుడ్డ పట్టుకుని ఎదురుచూస్తూ ఉంటుంది. ఆర్తెమీసియా జెంతిలెస్కీ సుమారు 1620లో వేసిన, ఫ్లోరెన్స్ ఉఫీజీలో ఉన్న చిత్రంలో జూడిత్ అంగీ చేతులు పైకి మడిచి బలమంతా పెడుతుంది. దాసి వయసులో ఉన్న మనిషి, తన బరువంతా వేసి అతణ్ని అదిమిపడుతుంది. అతని పిడికిలి ఆమె మెడ దగ్గర బట్టను పట్టుకుని తోస్తోంది. చేతులన్నీ ఒక్కచోటికి చేరే తీరు చూస్తే రెండిటిలో పని ఎంత వేరో తెలుస్తుంది. "ఎవరి చేతుల్లో బలం ఉంది?" అన్న ఒక్క ప్రశ్న చాలు.

నిలువు తెర మీద రెండు చిత్రాలు పక్కపక్కన పెడితే రెండూ పనికిరాకుండా పోతాయి. అందుకని నేను వాటిని ఒకే చోట ఒకదాని మీద ఒకటి ఉంచి, వేలు ఆనించినంతసేపు రెండోది, తీయగానే మొదటిది కనిపించేలా చేస్తాను. ఒకదానిలో చేతిని జూమ్ చేస్తే రెండోదీ దాని చేతి దగ్గరికే వెళ్లాలి. ఈ చిన్న ఏర్పాటు కోసం ప్రతి జతకూ మనిషి కూర్చుని గుర్తులు పెట్టాలి, శ్రమే. ఆ శ్రమ పడని యాప్ పోలికను నేర్పలేదు.

పాఠాల వరస విషయంలో నా పట్టుదల చాలామందికి నచ్చదు. ఒక చిత్రకారుడి చిత్రాలన్నీ వరసగా చూపించి, తరువాత ఇంకొకరి దగ్గరికి వెళ్లడం అందరికీ అలవాటైన పద్ధతి. మనస్తత్వ శాస్త్రవేత్తలు నేట్ కార్నెల్, రాబర్ట్ బ్యోర్క్ 2008లో దీన్నే పరీక్షించారు. 12 మంది చిత్రకారుల చిత్రాలను కొన్నిటిని గుంపులుగా, కొన్నిటిని కలగలిపి చూపించారు. తరువాత ఎప్పుడూ చూడని కొత్త చిత్రాలిచ్చి ఎవరివో చెప్పమన్నారు. కలగలిపి చూపినప్పుడే శైలిని బాగా పట్టుకున్నారు. విచిత్రమేమిటంటే, పరీక్ష అయిన తరువాత కూడా ఎక్కువమంది గుంపులుగా చూసినదే తమకు బాగా ఉపయోగపడిందని నమ్మారు.

రూపకల్పన చేసేవారికి ఇది గట్టి పరీక్ష. విద్యార్థులకు హాయిగా ఉన్నది, వాళ్లకు వస్తున్నది ఒకటే కానప్పుడు మనం ఎటువైపు? ఐదు నక్షత్రాల రేటింగు కోసం చూసుకుంటే గుంపులుగానే పెడతాం. వరసగా ఆరు చిత్రాలు మోనేవే వస్తే ఏడోదీ మోనేదే అని ఎవరైనా చెబుతారు, చెప్పినందుకు సంతోషిస్తారు. మోనే తరువాత పిసారో, ఆ తరువాత సిస్లీ, మళ్లీ మోనే వస్తే తడబడతారు. ఆ తడబాటులోనే కన్ను తేడాలు వెతుక్కుంటుంది. నేను కలగలిపే పెడతాను, ఎందుకు కష్టంగా ఉందో మొదటి రోజే దాపరికం లేకుండా విద్యార్థులకు చెబుతాను. కారణం తెలిస్తే కష్టపడటానికి వాళ్లు వెనుకాడరు.

ఇక్కడ ఉపాధ్యాయులు అడిగే ప్రశ్న న్యాయమైనదే. పరీక్షల్లో పేర్లు, సంవత్సరాలు రాయాలి కదా, వాటి సంగతేమిటి? వాటినీ నేర్పాలి. కాలం తెలియకుండా చరిత్ర లేదు. చదివినదాన్ని మళ్లీ చదవడం కన్నా గుర్తుతెచ్చుకునే ప్రయత్నం చేస్తే ఎక్కువకాలం నిలుస్తుందని రోడిగర్, కార్పికి అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో చూపించారు. రోజులు గడిచేకొద్దీ ఎడం పెంచుతూ అడిగే పద్ధతి యాప్‌లకు బాగా అమరుతుంది. నేను కోరేదల్లా అడిగే తీరు మార్చమని. చిత్రం మొత్తం చూపి పేరు అడగకుండా ఒక చెయ్యి, ఒక మడత, ఒక చెట్టు మాత్రం చూపి "ఇది ఏ కాలానిది కావచ్చు, ఏం చూసి అలా అంటున్నారు?" అని అడిగితే సంవత్సరం కూడా చూపుతో ముడిపడి గుర్తుంటుంది.

సంవత్సరాలను నమోదుచేసే పద్ధతిలోనే చాలా యాప్‌లు పొరపాటు నేర్పుతున్నాయి. డేటాబేసులో ఒక అంకెకు మాత్రమే గడి ఉంటే "సుమారు", "మధ్య", "అనుకుంటున్నారు" అన్న మాటలన్నీ రాలిపోతాయి. మోనాలిసాను లియొనార్డో 1503 ప్రాంతంలో మొదలుపెట్టి ఏళ్ల తరబడి దగ్గర ఉంచుకున్నాడు, దానికి ఒక్క అంకె ఎలా రాస్తాం? వేసినవారి గడిలో కూడా "శిష్యబృందం", "ఆయనదిగా భావిస్తున్నది" లాంటి వాటికి చోటుండాలి. హొకుసాయ్ పెద్ద అల లాంటి కొయ్య అచ్చు చిత్రానికి ఒకే ఒక్క అసలు ప్రతి లేదు, ఒక్కో ముద్రణలో ఆకాశపు రంగు, గీతల పదును వేరుగా ఉంటాయి. ఏ మ్యూజియంలోని ప్రతిని చూపిస్తున్నామో చెప్పాలి. అన్నట్టు, రాత్రిపూట ఫోను తెరను పసుపుగా మార్చే ఏర్పాటు ఆ అలలోని ప్రషియన్ నీలం రంగును పాడుచేస్తుంది. పాఠం మొదలయ్యేటప్పుడు దాన్ని ఆపమని యాప్ గుర్తుచేయాలి.

రోజూ తెరిచినందుకు పాయింట్లు, వరస తెగితే బెదిరింపు నోటిఫికేషన్లు, తరిగిపోతున్న సెకన్లు నాకు అక్కర్లేదు. తొందరపెట్టే ఏ ఏర్పాటూ చూపుతో పొసగదు. కృత్రిమ మేధ సంభాషణను చేర్చాలన్న ఒత్తిడి కూడా ఇప్పుడు ఎక్కువగానే ఉంది. విద్యార్థులు తమ వర్ణన చెప్పాక "ఎడమ మూల చూశారా?" అని తిరిగి ప్రశ్నించే పనికి దాన్ని వాడవచ్చు. చూడకముందే వివరణ కుమ్మరించే పనికి వాడితే ఐదు నిమిషాల చూపును మింగేస్తుంది. సంవత్సరాలు, కొలతల వంటి వాస్తవాలు మాత్రం మ్యూజియం రికార్డుల నుంచే రావాలి. కృత్రిమ మేధ తప్పును కూడా నమ్మకంగా చెప్పగలదు.

ఏ చిత్రాలు ఎంచుకుంటామన్నది మరో పెద్ద విషయం. మెట్రోపాలిటన్ మ్యూజియం 2017లో 3,75,000 పైచిలుకు చిత్రాలను ఎవరైనా ఎందుకైనా వాడుకునేలా విడుదల చేసింది. స్మిత్సోనియన్ 2020లో 28 లక్షలతో అదే దారి పట్టింది. ఇది గొప్ప ఔదార్యం. అయితే ఉచితంగా, శుభ్రంగా, పెద్ద ఫైళ్లుగా దొరికేవి ధనిక దేశాల మ్యూజియంలవే. వాటితోనే యాప్ నింపితే తెలియకుండానే వాళ్ల సేకరణే ప్రపంచ కళాచరిత్ర అయిపోతుంది. 1973లో మరణించిన పికాసో చిత్రాలకు, చిత్రకారుడు పోయాక 70 ఏళ్ల కాపీరైటు ఉన్న దేశాల్లో 2043 చివరి వరకు అనుమతి కావాలి, కాబట్టి ఇరవయ్యో శతాబ్దం సగం ఖాళీగా ఉంటుంది. పాఠ్యప్రణాళిక ముందు రాసుకుని, దానికి కావలసిన చిత్రాల కోసం అనుమతులు అడగడానికి, ఫోటోలు తీయించడానికి డబ్బు కేటాయించాలి. దొరికిన చిత్రాలను బట్టి పాఠాలు రాయడం నేను ఒప్పుకోను.

యాప్ పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది? ఎన్ని నిమిషాలు వాడారు, ఎన్ని పాఠాలు ముగించారు అన్న లెక్కలు నాకు ఏమీ చెప్పవు. కళాచరిత్ర పరీక్షల్లో ఒక పాత పద్ధతి ఉంది: విద్యార్థులు ఎన్నడూ చూడని చిత్రం ఇచ్చి, ఇది ఏ కాలానిది, ఏ ప్రాంతానిది, ఎవరిది కావచ్చో ఆధారాలతో రాయమంటారు. కోర్సు మొదట్లో ఒకటి, చివర ఒకటి అలా ఇవ్వాలి. మార్కులు పేరుకు తక్కువ, చూపిన ఆధారాలకు ఎక్కువ ఉండాలి. నేనైతే బెర్లిన్‌లోని బంగారు శిరస్త్రాణం ధరించిన మనిషి చిత్రాన్ని తప్పకుండా ఒకసారి ఇస్తాను. చీకట్లోంచి వచ్చే వెలుగు, శిరస్త్రాణం మీద దిట్టంగా పేర్చిన రంగు, కిందికి దించిన కళ్లు చూపించి రెంబ్రాంట్ అని రాసినవాళ్లకు మంచి మార్కులే వేస్తాను. చాలాకాలం నిపుణులు కూడా అవే చూసి అదే అన్నారు. 1985లో అది ఆయన వేసినది కాదని, ఆయన ప్రభావంలో ఉన్న మరొకరిదని ప్రకటించారు. ఆ సంగతి చెప్పి, ఆ చిత్రాన్నే మళ్లీ చూపి, నిపుణుల మనసు మార్చినది ఏమై ఉంటుందో వెతకమనడం తరువాతి పాఠం.